మెరుపులో వాటా

ములకలపల్లి దాటి స్కూటీ అడవి దారి పట్టాక రూప్లి నోటికి ఇంకా ఊపొచ్చింది. ఒళ్ళో కెమెరా సంచి, చంకలో మూడుకాళ్ళ స్టాండు, ఎండ తగలకుండా నెత్తిమీద తువ్వాలు. తల్లాడ నుంచి ఇక్కడిదాకా ఆమె మాట ఒక్క నిమిషం ఆగితే ఒట్టు.

"లోకంల మంది మెరుపొస్తే ఇంట్లకు ఉరుకుతరు. మనమేమో అది యాడుందని అడుక్కుంట పోతున్నం. నా కొడుకు నిన్ను చూసే చేసుకున్నడా అసలు?"

"స్టాండు గట్టిగ పట్టుకో అత్తా. కింద పడితే ఇరుగుతది."

"ఇరగనీ. ఇరిగితే జల్దీ ఇంటికి పోవచ్చు."

అంటుందే గానీ, గుంత వచ్చిన ప్రతిసారీ స్టాండును చంటిపిల్లను హత్తుకున్నట్టు హత్తుకుంటోంది. కోడలు ఒక్కతే అడవికి పోతానంటే, "నేను బతికుండంగనా?" అని ముందుగా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది ఆమే. కోటేష్ తల్లినీ పెళ్ళాన్నీ ఒకే బండి మీద సాగనంపుతూ "అడవిల జంతువులుంటయి, జాగ్రత్త" అన్నాడు. జంతువులకే జాగ్రత్త చెప్పాల్సిందని తర్వాత అనుకున్నాడేమో.

కోడలు సువర్ణ తల్లాడ కరెంటాఫీసులో జూనియర్ అసిస్టెంటు. మబ్బు పట్టిందంటే ఆఫీసు ఫోను మొత్తుకుంటూనే ఉంటుంది. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, అక్కడ తీగ తెగింది. మండలమంతా మెరుపును తిట్టుకునే ఆ వేళకు సువర్ణ మనసు మాత్రం డాబా మీద ఉంటుంది. ఇదేం పిచ్చో ఆమెకే తెలియదు. ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు చీలినప్పుడల్లా ఆమెకు పండగే.

ఆ పండగ మీద నీళ్ళు చల్లినవాడు జగన్నాథం సారు. రిటైరైన లెక్చరరు, ఖమ్మంలో ఫోటోల క్లబ్బుకు పెద్ద. పోయిన నెల ప్రదర్శనలో సువర్ణ తీసిన వైరా చెరువు మీది మెరుపు ఫోటో ముందు ఆగి, మైకులో, అంతమంది ఎదుట, "ఇది మన సువర్ణ గారి అదృష్టం. స్టాండు పెట్టుకుని ఎవరు నిలబడ్డా ఏదో ఒకరోజు పడుతుంది ఇలాంటిది" అన్నాడు. అందరూ నవ్వారు. సువర్ణ కూడా నవ్వింది. రెండు వానాకాలాలు తడిసి ముద్దయి తీసిన ఫోటో అది. తను కూడా ఎందుకు నవ్విందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

క్లబ్బు వాళ్ళు వచ్చే నెల వానల ఫోటోలకని కేరళ కొండలకు పోతున్నారు. బండిలో సువర్ణకు ఒక సీటు రాసి, మళ్ళీ కొట్టేశాడు సారు. "ఆదివారంలోగా ఇంకో మెరుపు పట్టుకురండి. కొత్తది కావాలి. ఎవరి ఫోన్లోకీ, ఏ గ్రూపులోకీ పోనిది. అప్పుడు చూద్దాం. లేదంటే ఆ సీట్లో మా పవన్ సామాను పెట్టుకుంటాడు." పవన్ ఆయన బామ్మర్ది. తన మొహం తప్ప ఇంకో వస్తువును ఫోటో తీసిన పాపాన పోలేదు.

ఈ రోజు గురువారం. సువర్ణకు ఆ సీటు కావాలి. అంతకంటే, ఆ మైకు మాట వెనక్కి పోవాలి.

ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా చీర కట్టి ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. కోయల భూమి పండుగ. విత్తనం భూమిలో పడకముందు ఊరూరా చేస్తారు. మగవాళ్ళు అడవికి పోతే, ఆడవాళ్ళు వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ మామూలు అడుగుతారు.

"పండుగిచ్చి పోండ్రి!" అంటూ ముందుకొచ్చిన పెద్దామె స్కూటీ తాళం చెవి మీదే చెయ్యి వేసింది.

"ఇస్తం గాని, బొజ్జయ్య ఇల్లు యాడ?" అని అడిగింది సువర్ణ. బొజ్జయ్య ఆమె ఆఫీసులో లైన్‌మన్. పండక్కి ఊరొస్తూ, ‘మా పండుగ నాటికి ఉరమకుంట ఉండదు మేడం, రండ్రి’ అని పిలిచింది అతనే.

"బొజ్జయ్య నా కొడుకే. నేను జంపక్కను. మెరుపులు పట్టే మేడమంటే నువ్వేనా?" ఆమె సువర్ణను కిందికీ మీదికీ చూసి, వెనక రూప్లిని చూసింది. "మరి ఈమె?"

"మెరుపులు పట్టేదాన్ని పట్టేదాన్ని" అంది రూప్లి.

చీర దానంతటదే కిందికి దిగింది. అందరికంటే గట్టిగా నవ్వింది జంపక్క.

*

జంపక్క ఇంట్లో అన్నం తిని లేచేసరికి తూర్పు కొండల వెనక మబ్బు తెల్లగా పొంగుతూ లేచింది. పైన గొడుగులా విచ్చుకుంటోంది. సువర్ణ చెయ్యి కడిగీ కడగకముందే బండి తీసింది.

ఆ తర్వాతంతా ఉరుకులే. ఒక వాగు గట్టున స్టాండు పెట్టి, దూరాన సెల్ టవర్ మీది ఎర్ర లైటుకు ఫోకస్ కుదిర్చి, లెన్సు కదలకుండా టేపు అంటించి నిలబడితే, మబ్బు మెల్లగా కుడికి జరిగింది. అంతా విప్పి, మడిచి, బండెక్కి కుడికి పోతే అది కొండ దాటింది. ఇంకో మెట్ట మీద మళ్ళీ స్టాండు, మళ్ళీ టేపు. పాల్వంచ దిక్కున ఎక్కడో గుడగుడమంది. ఇక్కడ మాత్రం నెత్తిమీద చక్కగా ఎండ కాసింది.

"నిన్ను చూసి సిగ్గుపడుతున్నది" అంది రూప్లి.

"ఊకో అత్తా."

"నేనేమన్న? దానికి తెలుస్తది గద, ఎవరొచ్చిండ్రో."

పొద్దుగూకేదాకా తిరిగారు. కార్డు నిండా ఫోటోలున్నాయి. అన్నీ బూడిదరంగు ఆకాశాలు. మూడు రోజుల సెలవులో ఒక రోజు ఇట్టే కరిగిపోయింది. సువర్ణకు సారు మాట గుర్తొచ్చింది. ‘ఎవరు నిలబడ్డా పడుతుంది’ అన్నాడే, మరి నిలబడ్డాను కదా, ఏది?

ఊళ్ళోకి తిరిగొస్తుంటే అడవి బాటలోంచి మగవాళ్ళు దిగుతున్నారు. అందరికంటే ముందు ముసలయ్య, భుజాన విల్లు. ఆయన ఊరికి పెద్ద. వెనకాల బొజ్జయ్య. ఇప్పుడు వేటంటే పేరుకే. చట్టం ఒప్పుకోదు, అడవిలో ఏమీ మిగలనూ లేదు. అయినా పండగకి అడవిలో పడి తిరిగి రాకపోతే పండగ కాదు. తేనో దుంపో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఈ రోజు ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

"ఏమన్న పడ్డదా మేడం?" బొజ్జయ్య అడిగాడు.

"ఏం పడలే. మీకు?"

"మాకూ అంతే." అతను ఊరి వైపు చూసి, నవ్వు ఆపుకున్నాడు. "మీరు ఇంకో దారిన పోతే మంచిగుండునేమో."

ఎందుకని అడిగేలోపే డోలు మోగింది. ఇళ్ళ సందుల్లోంచి ఆడవాళ్ళు బిందెలతో, బకెట్లతో దూసుకొచ్చారు. ముసలయ్య నెత్తిన మొదటి బకెట్టు పడింది. పేడ నీళ్ళు! ఊరికి పెద్ద అయినంత మాత్రాన మినహాయింపేమీ లేదు. ఆయన మొహం తుడుచుకుంటూ పకపకా నవ్వుతున్నాడు. బొజ్జయ్య పారిపోబోయి దొరికిపోయాడు. సువర్ణ బండి ఆపి నోరు తెరుచుకుని చూస్తుండగా జంపక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీకేమన్న దొరికిందా బిడ్డా?"

"లేదక్కా."

"ఉత్తచేతులేనా?"

"ఉత్తచేతులే."

జంపక్క చేతిలో బిందె కింద పెట్టింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. రూప్లి ఒళ్ళోంచి కెమెరా సంచిని రెండు చేతులా తీసుకుని, నాలుగడుగులు నడిచి, ఎత్తుగా ఉన్న అరుగు మీద పెట్టింది. స్టాండును దాని పక్కన ఆనించింది. అంతా నిమ్మళంగా చేసి, వెనక్కొచ్చి, బిందె ఎత్తి సువర్ణ నెత్తిన కుమ్మరించింది.

"అయ్యో అయ్యో! ఏంది గిది? ఆఫీసర్ మీద పేడ పోస్తరా!" రూప్లి బండి దిగి కొంగు దోపింది. జూనియర్ అసిస్టెంటు ఆ క్షణంలో ఆఫీసరయిపోయింది. "ఊరికొచ్చిన చుట్టాలను గిట్లనే చేస్తరా మీరు?"

"చుట్టాలకు పొయ్యమక్కా" అంది జంపక్క. "వేటకు పోయి ఉత్తగొచ్చినోళ్ళకే పోస్తం. పొద్దున్నుంచి తిప్పలు పడ్డది నీ కోడలు, నువ్వు చూసినవ్ గద. ఇంట్ల కూసున్నోళ్ళకు పోస్తమా?"

రూప్లి అటు చూసింది, ఇటు చూసింది. కోడలు పేడ కారుతున్న జుట్టుతో నిలబడి ఉంది. పక్కన ఒక నిండు బకెట్టు ఎవరి చేతిలోనూ లేకుండా ఉంది. అత్తలకు ఇలాంటి రోజు మళ్ళీ మళ్ళీ వస్తుందా? రూప్లి బకెట్టు ఎత్తింది.

"అత్తా! వద్దత్తా!"

"పండుగనే, నేనేం చేతు!"

సువర్ణ కళ్ళు మూసుకుంది. నీళ్ళు వీపు మీద చల్లగా జారాయి. నవ్వొచ్చింది. చిన్నగా మొదలై, కడుపు పట్టుకుని కూర్చునేంత నవ్వయింది. క్లబ్బులో ఫోటో వస్తే అదృష్టమన్నారు, రాకపోతే ఆడవాళ్ళకెందుకీ తిప్పలన్నారు. ఇక్కడ మాత్రం ముసలయ్యతో సమానంగా ఒక బిందె పోశారు. ఇంత సంతోషంగా ఆమె ఎప్పుడూ తడవలేదు.

*

తెల్లారకముందే మళ్ళీ అడవికి పోయిన మగవాళ్ళు శుక్రవారం పొద్దున్నే తేనెపట్టుతో దిగారు. ఈసారి డోలు దరువే వేరు. బకెట్లు లేవు. జంపక్క ఇంటి ముందు టేకాకులు వరసగా పరిచారు, ఊళ్ళో ఎన్ని ఇళ్ళుంటే అన్ని. ముసలయ్య గొంతుక్కూర్చుని తేనెతెట్టెను కత్తితో కోసి ఆకు మీద ముక్క పెడుతున్నాడు. పెట్టాక వెనక్కి వంగి చూస్తాడు. ఒక ఆకులోంచి చిటికెడు తీసి ఇంకో ఆకులో వేస్తాడు. అడవికి పోయినవాళ్ళకీ అంతే, కాలు విరిగి మంచంలో ఉన్న పోతయ్యకీ అంతే. చెట్టెక్కి పట్టు కోసినవాడు బొజ్జయ్యే. ముసలయ్య ఇచ్చిన ఆకును అతను మారుమాట లేకుండా అందుకున్నాడు.

చివర్న ఇంకో ఆకు పరిచి ముసలయ్య రూప్లిని పిలిచాడు.

"మేం మీ ఊరోళ్ళం కాదు గదయ్యా" అంది రూప్లి, చెయ్యి మాత్రం చాపుతూనే.

"రాత్రి ఊర్ల పండుకున్నరు గద? ఊర్ల పండుకున్నోళ్ళకు వాటా ఉంటది" అన్నాడు ఆయన.

సువర్ణ తేనె నాకుతూ ఆకాశం చూసింది. తెల్లగా, ఖాళీగా ఉంది. మధ్యాహ్నానికి ఉక్క మొదలైంది. ఆకు కదలలేదు. కోళ్ళు నోళ్ళు తెరిచి నీడలో పడ్డాయి. సాయంత్రానికి తూర్పు కొండల మీద మబ్బు నల్లబడి, అడుగున ఊదారంగు తిరిగింది. ఈసారి సువర్ణ బండి తియ్యలేదు. నిన్నటి పరుగుల్లో ఒక్కటి అర్థమైంది, తను మబ్బు వెంట పడుతుంటే ప్రతిచోటా ఆలస్యంగానే చేరుతోంది. పైగా ఉరుములప్పుడు ఆరుబయట నిలబడకూడదని ఊరందరికీ ఫోన్లో చెప్పే ఉద్యోగం తనదే. జంపక్క ఇంటి వరండా నేరుగా కొండలకే చూస్తుంది. స్టాండు కాళ్ళు పొట్టిగా చేసి, వరండాలో లోపలికి జరిపి పెట్టింది. టవర్ ఎర్ర లైటుకు ఫోకస్, లెన్సుకు టేపు, చేతిలో తీగ బటన్.

"అత్తా, గొడుగు అడ్డం పట్టు. జల్లు అద్దం మీద పడొద్దు. లోపలనే కూసో, బయటికి పోకు."

"మెరుపులకు పట్టిన గొడుగు ఎవరన్న చూసిండ్రా!" అని రూప్లి పీట మీద కూర్చుని గొడుగు అడ్డం పెట్టింది.

బటన్ నొక్కి కెమెరా కన్ను తెరవడం, కొన్ని ఊపిర్లు ఆగడం, మూయడం. మళ్ళీ తెరవడం. అంతే పని. మూసిన క్షణంలోనే కొండ మీద తెల్లగా తళుక్కుమంది.

"పోయిందే!" అంది రూప్లి.

మళ్ళీ తెరిచింది. చీకటి. మూసింది. తళుక్.

"నిన్ను ఆటపట్టిస్తున్నదే అది! జల్దీ నొక్కు!"

"జల్దీ నొక్కితే రాదత్తా. దాన్ని చూసి నొక్కొద్దు. అది ఉన్నా లేకున్నా నొక్కుతనే ఉండాలె."

ఆ మాట తనకే చెప్పుకుంది సువర్ణ. మెరిసినప్పుడల్లా వేలు ఉలిక్కిపడుతోంది. ఊపిరి బిగబట్టడం మానేసింది. తెరవడం, ఆగడం, మూయడం. వాన కొండలు దాటి పొలాల మీదికి వచ్చింది. మెరుపు మరీ తెల్లగా ఉంటుందని లెన్సు రంధ్రాన్ని ఇంకాస్త చిన్నది చేసింది. గొడుగు మీద చినుకులు టపటపమన్నాయి. రూప్లి మాటలు మానేసి లెన్సు మీద పడ్డ తుంపరను కొంగుతో కాకుండా, కోడలు ఇచ్చిన మెత్తటి బట్టతోనే ఒత్తింది.

కెమెరా కన్ను తెరిచి ఉంది. కొండ మీద ఒక్క గీత కిందికి దిగింది. దిగుతూ దిగుతూ కొమ్మలేసింది. కొమ్మలకు రెమ్మలు. అడవి మొత్తం, వాగు, తాటిచెట్ల వరస, ఊరి పెంకులు ఒక్కసారి పగలులా కనిపించాయి. ఉరుము నేలలోంచి వచ్చినట్టు వరండా అదిరింది. సువర్ణ మెల్లగా మూసింది. చిన్న తెర మీద బొమ్మ వచ్చేదాకా ఇద్దరూ ఊపిరి తియ్యలేదు.

వచ్చింది.

రూప్లి వేసిన కేకకు ఉరుమే నయం. వాన తగ్గీ తగ్గకముందే జంపక్క వరండా నిండిపోయింది. ఒక్కొక్కరే వంగి చూశారు. బొజ్జయ్య చూసి, "మేడం, మా పెంకుటిల్లు గూడ పడ్డది!" అని గంతేశాడు. ముసలయ్య కళ్ళు చికిలించి, చాలాసేపు చూశాడు. ఆ కొండను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాడు.

"మంచిగ దొరికింది బిడ్డా" అన్నాడు. "ఇగ పంచు."

సువర్ణ చెయ్యి కెమెరా మీదే ఆగిపోయింది. చుట్టూ చేతుల్లో ఫోన్లు లేచాయి.

"పెద్దయ్యా, గిది ఆదివారం దాక ఎవరి ఫోన్లకు పోవద్దు" అంది. సీటు సంగతి, సారు పెట్టిన నిబంధన, అంతా చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే సన్నగా వినిపించింది.

ఫోన్లు దిగాయి. "పోనీ బిడ్డా, నీ పని ముఖ్యం" అంది జంపక్క. కోపమేమీ లేదు ఆ మాటలో. అందుకే మరీ కష్టంగా అనిపించింది. రూప్లి చెవిలో గుసగుసలాడింది. "మంచిగ చెప్పినవ్. రెండు రోజులు ఆగుతే వీళ్ళదేం పోతది?"

నిజమే, ఏం పోతుంది? కానీ పొద్దున ఆ ఆకు ముందు కూర్చుని తిన్నది తను. చెట్టెక్కినవాడు, నా తేనె ఆదివారం దాకా ఆగమనలేదు. సీటు కావాలి, చాలా కావాలి. కేరళ కొండల మీది మబ్బులు ఎన్నిసార్లు కలలోకి వచ్చాయో. వాటిని ఒక్కసారి తలుచుకుంది. తలుచుకుని, కెమెరాలోంచి ఫోటోను తన ఫోన్లోకి దించింది.

"బొజ్జయ్యా, నీ ఫోను తియ్యి."

"మేడం, సీటు..."

"తియ్యవయ్యా. తర్వాత జంపక్కది. పోతయ్యకు గూడ పంపాలె. పెద్దయ్యకు బటన్ ఫోనే ఉంది, కాగితం మీద తెచ్చిస్త."

రూప్లి నెత్తి కొట్టుకుంది. "పిచ్చిది! పిచ్చిదాన్ని కట్టబెట్టిన్రు నా కొడుక్కు!" అని వరండా అంతా వినబడేలా అని, గుంపును మోచేతులతో తోసుకుంటూ అందరికంటే ముందుకొచ్చింది. "ముందు నా ఫోన్లెయ్. గొడుగు పట్టింది నేను."

ఆ వానకు ఊళ్ళో కరెంటు పోయింది. సెలవు మీద వచ్చినా, లైన్‌మన్ కాబట్టి బొజ్జయ్య పండగ బట్టలతోనే బయల్దేరాల్సి వచ్చింది. సువర్ణ ఫోను అప్పటికే చచ్చిపోయింది. ఆమెకు బెంగగా ఏమీ లేదు. రాత్రి ఆడవాళ్ళ ఆట వరసలో భుజాలు పట్టుకుని అడుగులేసి, కాళ్ళు నొప్పి పుట్టాక పడుకుంది.

*

శనివారం తిరుగుదారిలో ములకలపల్లి సెంటర్లో చాయ్ కోసం ఆగారు. హోటల్లో ఫోను చార్జింగుకు పెట్టి ఆన్ చేస్తే, అది బల్ల మీద అట్లా గిలగిల్లాడుతూనే ఉంది. తన మెరుపు ఊళ్ళు తిరుగుతోంది. బొజ్జయ్య లైన్‌మన్ల గ్రూపులో వేశాడు. అక్కడెవరో దాని కింద ‘ఉరుములప్పుడు కరెంటు స్తంభాల దగ్గర నిలబడరాదు’ అని పసుప్పచ్చ అక్షరాలు అంటించారు. అట్లా తల్లాడ, వైరా, ఖమ్మం. సువర్ణ అన్నయ్యే ఆమెకు పంపి ‘జాగ్రత్త చెల్లె’ అన్నాడు.

క్లబ్బు గ్రూపు తెరిచింది. అక్కడా అదే ఫోటో, స్తంభాల హెచ్చరికతో సహా. పెట్టినవాడు జగన్నాథం సారు. సువర్ణ చదివి, చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. లేకపోతే ఒలికేదే.

"ఏమైందే?" అంది రూప్లి. "తిట్టిండా?"

సువర్ణ పైకి చదివింది. "మిత్రులారా, మా కరెంటు బిల్లు కుర్రాడు పంపిన ఈ చిత్రం చూడండి. ఎవరో మహానుభావుడు తీశాడు. వెలుగును ఎంత లెక్కగా పట్టాడు! కొమ్మ కొమ్మా విడిగా కనిపిస్తోంది. ఏళ్ళ తరబడి సాధన ఉంటే తప్ప చెయ్యి ఇట్లా తిరగదు. సువర్ణ గారు ముఖ్యంగా గమనించగలరు."

"మళ్ళ చదువు" అంది రూప్లి. సువర్ణ మళ్ళీ చదివింది. రెండోసారి చివరిదాకా చదవలేకపోయింది, నవ్వు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. హోటలాయన పూరీ వత్తడం ఆపి చూస్తున్నాడు.

తేరుకున్నాక టైపు చేసింది. ‘ముఖ్యంగా గమనించాను సార్. అసలు ఫోటో పంపిస్తున్నాను. ఇందులో స్తంభాల మాట ఉండదు.’

గ్రూపులో చప్పట్ల బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అవి ఆగకముందే ఫోను మోగింది.

"సువర్ణ గారూ... అది మీరేనా?"

"అవ్ సార్."

"అదీ... చాలా బాగుంది. మైకులో ఆ రోజు నేనేదో... సరే. కానీ ఎవరి ఫోన్లోకీ పోనిది తెమ్మన్నాను కదా."

"మన గ్రూపుల వేసింది మీరే గద సార్."

అవతల దగ్గు వినిపించింది. ఇంకోసారి దగ్గు. "అదీ నిజమే. సరేనమ్మా. బండిలో మీ సీటు మీకే."

సువర్ణ థాంక్స్ చెప్పేలోపే ఫోను రూప్లి చేతిలో ఉంది.

"సారూ, నేను దాని అత్తను. రెండు సీట్లు పెట్టు."

"మీరూ ఫోటోలు తీస్తారామ్మా?"

"నేనెందుకు తీస్త? నేను పక్కనుంట. పక్కనున్నోళ్ళకు వాటా ఉంటది సారూ. తెల్వకుంటే ముసలయ్యనడుగు."

ముసలయ్య ఎవరో జగన్నాథం సారుకేం తెలుసు! అట్లాగని రూప్లితో వాదించి గెలిచినవాళ్ళు ఖమ్మం జిల్లాలో ఇప్పటిదాకా లేరు. ఇంకేం చేస్తాడు, పవన్‌ను సామానుతో సహా దింపేశాడు.